బావ బిగించిన ట్యాపెట్ కవర్

మా కారు గురించి యూనివర్సిటీలో టీ బండి దగ్గర నేను చెప్పని కథ లేదు. అది ఆగిన చోట పడే ఇంజన్ ఆయిల్లో చీమలు జారుడుబల్ల ఆడుకుంటాయని చెప్పాను. క్యాంపస్ నెమలి ఒకటి పొరపాటున దాని కింద నుంచి నడిచి వెళ్లి, ఆ వానాకాలమంతా ఈకలు తడవకుండా తిరిగిందని చెప్పాను. మా వీధి కుక్కలు అన్ని కార్ల కిందా పడుకుంటాయి గాని, దీని దగ్గరికి వచ్చేసరికి ఒకసారి పైకి చూసి, నిట్టూర్చి, పక్క కారు కిందికి పోతాయని కూడా చెప్పాను. వీటిలో చివరిది నిజం.

అంతకాలం ఆ కారు నాకు కబుర్ల సరుకు. పోయిన చలికాలం నా భార్య నడుముకు ఆపరేషన్ అయ్యాక దాని గురించి కబుర్లు చెప్పే ఓపిక పోయింది.

ఆమె యూనివర్సిటీ లైబ్రరీలో పాత పత్రికల విభాగంలో పని చేస్తుంది. నేను అదే క్యాంపస్‌లో ఇంకో మూల ఒక ఆఫీసులో కుర్చీ అరగదీస్తుంటాను. ఇల్లు తార్నాకలో. పెద్ద దూరం కాదు. ఆపరేషన్‌కు ముందు ఆమె పొద్దున బస్సులో నిలబడి వెళ్లేది, సాయంత్రం సగం దారి నడిచి వచ్చేది. ఇప్పుడు బస్సు మెట్టు ఎక్కలేదు. ఆటోలో కూచుంటే రోడ్డు మీది ప్రతి గుంతా నేరుగా వెన్నులోకి దిగుతుంది. క్యాబ్ పిలిస్తే ఒకడు సీటు వాల్చనివ్వడు, ఒకడు వాల్చనిచ్చి విమానం నడిపినట్టు నడుపుతాడు. డాక్టరు చెప్పింది ఒకటే: నడుముకు బెల్టు పెట్టుకుని, సీటు వెనక్కి వాల్చుకుని, మెల్లగా పోయే కారులో అయితే ఆఫీసుకు వెళ్లొచ్చు. వంగొద్దు, బరువులెత్తొద్దు, దేనిమీదా బలం పెట్టొద్దు.

అలా మా ముసలి కారు ఇంట్లో అందరికంటే ముఖ్యమైనదైపోయింది. స్పీడ్ బ్రేకర్ వస్తే ఒక్కో చక్రాన్నీ విడివిడిగా, చంటిపిల్లను మెట్లు దించినట్టు దించడం నేర్చుకున్నాను. వెనక హారన్లు కొట్టేవాళ్లు కొట్టారు. కొందరు పక్కకొచ్చి, అద్దంలోంచి చూసి, నా వయసు చూసి జాలిపడి పోయారు.

అన్నీ కుదిరాయి. వాసన ఒక్కటే కుదరలేదు.

ఇంజన్ నెత్తిన ఒక రేకు మూత ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని ట్యాపెట్ కవర్ అంటారు. దాని కింద వాల్వులు టకటకలాడుతూ నూనెలో మునిగి తేలుతుంటాయి. ఆ నూనె బయటికి రాకుండా మూతకూ ఇంజన్‌కూ మధ్య ఒక రబ్బరు ప్యాకింగ్, దాని మీద మూత, మూత చుట్టూ బోల్టులు. మా కారుకు ఆ ప్యాకింగ్ దగ్గర కారుతోంది. కారిందంతా నేల మీద పడితే నష్టం చీమలకే. కాని అది పక్కనే ఎర్రగా కాలే పొగ గొట్టం మీద పడి మాడుతుంది. మాడిన వాసన గాలి వచ్చే సందుల్లోంచి లోపలికి వస్తుంది. రాత్రి మిరపకాయలు వేయించిన మూకుట్లో పొద్దున టైరు ముక్క వేయించినట్టుంటుంది.

నాకు అలవాటైపోయింది. ఆమెకు, ఆపరేషన్ మందులు ఇంకా ఒంట్లో ఉన్నాయేమో, ఆ వాసన తగిలితే తార్నాక చౌరస్తా దగ్గర తలనొప్పి మొదలయ్యేది. క్యాంపస్ గేటు దాటేసరికి కడుపులో తిప్పేది. వాంతి చేసుకోవాలంటే వంగాలి. వంగకూడదు. లైబ్రరీ ముందు కారు ఆపితే ఆమె దిగి, తలుపు పట్టుకుని నిటారుగా నిలబడి, కళ్లు మూసుకుని, వచ్చినదాన్ని వచ్చినట్టే మింగేది. తర్వాత రుమాలుతో మూతి తుడుచుకుని ఏమీ కానట్టు లోపలికి పోయేది. నేను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూచునేవాణ్ని. అప్పుడు చేయగలిగింది అంతే.

ఒకరోజు సాయంత్రం ఆమే తేల్చి చెప్పింది.

"ఈ నెలాఖరు దాంక చూస్త. గీ వాసన పోకుంటె నౌకరి బంజేస్త."

"బంజేసి?"

"ఇంట్ల కూసుంట."

"మంచిదే గదా, రెస్టు దొరుకుతది."

"ఏం రెస్టు? పొద్దంత కూసోని, సాయంత్రం నువ్వొచ్చి చెప్పే గప్పాల కోసం ఎదురు చూసుడే నా పని అయితది. గంత కర్మ నాకొద్దు."

నవ్వుతూనే అంది. కాని అది ఉత్త మాట కాదని నాకు తెలుసు. పెళ్లికి ముందు నుంచీ ఆమె ఆ విభాగంలోనే ఉంది. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు మొదట్లో అక్కా అని పిలిచేవాళ్లు. తర్వాత మేడం అన్నారు. ఇప్పుడు అమ్మా అంటున్నారు. మూడు పిలుపులకూ ఆమె అదే బల్ల వెనక నుంచి తలెత్తింది. ఆ బల్ల వదిలేసి పొద్దున పదింటికి ఇంట్లో కిటికీ దగ్గర కూచున్న ఆమెను ఊహించుకుందామని చూశాను. ఊహల మీదే బతికేవాణ్ని, అక్కడ మాత్రం ఏమీ తోచలేదు.

ఇంకో బండి మాట ఆపరేషన్ బిల్లుతోనే పోయింది. కాబట్టి ఆ మూత సంగతే చూడాలి. మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే మూత తీయకుండానే బోల్టులు ఇంకో చుట్టు తిప్పి పంపుతున్నాడు. అలా తిప్పించుకుని తిప్పించుకునే ఇంతదాకా వచ్చాం. అందుకే ముషీరాబాద్‌లో స్పేర్ పార్టుల దుకాణానికి పోయి కొత్త ప్యాకింగ్ తెచ్చుకున్నాను.

మా అపార్ట్‌మెంట్లో పార్కింగు టైల్స్ మీద ఆయిల్ చుక్క పడితే సెక్రటరీ గారికి బీపీ లేస్తుంది. అందుకని ఆదివారం పూట లైబ్రరీ వెనక చెట్టు కింద కారు పెట్టుకున్నాను. సెలవు రోజు అక్కడ వాకింగ్‌కు వచ్చేవాళ్లు, కోతులు తప్ప ఎవరూ ఉండరు. మూత విప్పాను. పాత ప్యాకింగ్ ఎండిన చింతపండు తొక్కులా అతుక్కుపోయి ఉంది. గోకి, పెట్రోలు గుడ్డతో తుడిచి, కొత్తది పెట్టి, బోల్టులన్నీ ముందు వేళ్లతోనే తిప్పాను. తర్వాత పానా పట్టుకున్నాను. పానాను చివర పట్టుకోలేదు, బోల్టుకు దగ్గరగా, కలం పట్టుకున్నట్టు పట్టుకున్నాను. మధ్యలోవి ముందు, తర్వాత ఎదురెదురుగా, ఒక్కోటి కాస్త కాస్త.

ఈ బోల్టులతో వచ్చిన చిక్కల్లా ఒకటే. ఎంత బిగిస్తే అంత మంచిదని లోకమంతా నమ్ముతుంది. రబ్బరును అదిమితే చాలు, నలపకూడదు. నలిపితే అది పక్కకు ఉబ్బి బయటికొస్తుంది. మూత పల్చటి రేకు; బోల్టు ఉన్న చోట అణుగుతుంది, రెండు బోల్టుల మధ్య లేస్తుంది. ఆ లేచిన చోట కారుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తాం. ఇంకా లేస్తుంది. చివరికి బోల్టు పుటుక్కున విరిగి సగం ఇంజన్లో ఉండిపోతే, ఇక ఇంజన్ నెత్తి మొత్తం ఊడదీయాల్సిందే.

ఆ వారం వాసన లేదు. ఆమె రోజూ కారెక్కగానే చిన్నగా ముక్కు ఎగబీల్చి చూసేది, రుమాలు సంచిలోనే ఉంచేది. నేను మళ్లీ ఓపిక తెచ్చుకుని టీ బండి దగ్గర, మా కారు ఇప్పుడు అగరొత్తి వాసన వేస్తోందని, ట్రాఫిక్ పోలీసు ఆపి బొట్టు పెట్టాడని చెప్పాను. మరుసటి సోమవారం పొద్దున చౌరస్తా సిగ్నల్ దగ్గర మళ్లీ అదే వాసన. ఆమె రుమాలు తీసింది.

బానెట్ ఎత్తి చూస్తే, ప్యాకింగ్ మూత అంచుల్లోంచి తాంబూలం నమిలినవాడి పెదవుల్లా బయటికి ఉబ్బి ఉంది.

అదే ప్యాకింగ్ పట్టుకుని ముషీరాబాద్ పోయాను. దుకాణం పెద్దాయన దాన్ని వేళ్ల మధ్య పెట్టి చూశాడు.

"మాల్ మంచిదే సాబ్. ఎవడో పహిల్వాన్ బిగించిండు."

"నేనే బిగించిన. మూడు వేళ్లతోటి."

"మీ మూడు వేళ్లు గట్లుంటె, చెయ్యెట్లుంటదో మరి!" అని పక్క దుకాణం అతన్ని పిలిచి నా చెయ్యి చూపించాడు. కిందటిసారి అదే పెద్దాయనకు నేను చిన్నప్పుడు కుస్తీలు పట్టానని చెప్పి ఉన్నాను. ఇప్పుడు కాదనే వీలు లేకుండా పోయింది. ఇద్దరూ నా చేతిని ఇటూ అటూ తిప్పి చూసి సంతోషపడ్డారు.

దారిలో ఆలోచిస్తే నాకు మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే నా భార్య అన్న. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరై, లాలాపేట్‌లో ఉంటున్నాడు. వాళ్ల నాన్నా అక్కడే చేశాడు. ఆపరేషన్ అయినప్పటి నుంచి ప్రతి ఆదివారం చెల్లెలికి ఏదో ఒకటి వండించుకుని పట్టుకొస్తాడు. ఆయన మా ఇంటికొచ్చి పోయాక కుళాయిలు మామూలు చేతికి తిరగవు, పచ్చడి జాడీ మూత రాదు, కుక్కర్ పిడి కదలదు. వదులుగా ఉన్నది చూస్తే ఆయన చెయ్యి ఊరుకోదు.

తింటూ తింటూ వర్క్‌షాపు సంగతులు చెప్పేవాడు. అందులో ఒకటి నాకు బాగా గుర్తుంది.

"బోల్టు బిగించినోడు, బోల్టు మీదికెల్లి రేకు మీదికి పసుపు రంగు గీత గీస్తడు బావా. అది వాని నిషాన్. గీత జరిగిందంటె బోల్టు తిరిగిందన్నట్టు. ఆ నిషాన్ ఉన్న బోల్టును ఇంకోడు ముట్టొద్దు. ముట్టాలంటె గీసినోన్ని పిలిపియ్యాలె. నిషాన్ ముట్టినోని తోటి మా దగ్గర ఎవ్వలు సద్ది తినకపోతుండ్రి."

రెండోసారి ప్యాకింగ్ వేసినప్పుడు నా భార్య అల్మారాలోంచి గోళ్ల రంగు సీసా తీసుకుపోయాను. గులాబి రంగు. బిగించిన ప్రతి బోల్టు మీంచి మూత మీదికి సన్నటి గీత గీశాను. పని మధ్యలో ఒక కోతి వచ్చి నా చిన్న పానా ఎత్తుకుని చెట్టెక్కింది. మిగిలిన అదే సైజు పొడుగు పానాతో పూర్తి చేసి ఇంటికి వచ్చాను.

ఆ వారం మళ్లీ బాగానే నడిచింది. ఆదివారం బావ వచ్చాడు, అందరం తిన్నాం, నేను కునుకు తీశాను. సోమవారం మళ్లీ వాసన. లైబ్రరీ వెనక కారు ఆపి, ఆమె లోపలికి పోయాక బానెట్ ఎత్తాను. బోల్టుల మీది గీతలు ఒక దిక్కు, మూత మీది గీతలు ఒక దిక్కు. అన్ని బోల్టులూ ఒకే కొలతలో పావు చుట్టు జరిగి ఉన్నాయి. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. అంత శుభ్రంగా పాడు చేయగలిగే చెయ్యి మా చుట్టాల్లో ఒక్కటే ఉంది.

ఆ సాయంత్రం ఆమెను ఇంట్లో దింపి లాలాపేట్ పోయాను. బావ వాకిట్లో కూచుని ఒక పాత తాళానికి నూనె పెడుతున్నాడు.

"బావా, నిషాన్ జరిగింది."

"ఏం నిషాన్?"

"నా కారు బోల్టుల మీది నిషాన్."

"గా గులాబి రంగుదా? దాన్ని నిషాన్ అంటరా? నేను చెల్లె సంచిలకెల్లి ఏమన్న ఒలికిందేమో అనుకున్న."

"అంటె నువ్వే తిప్పినవ్."

తాళం పక్కన పెట్టాడు. "తిప్పిన. పావు చుట్టు. అన్ని బరాబర్ తిప్పిన."

"నిషాన్ ముట్టినోని తోటి సద్ది తినరంటివి గదా?"

"ఆగు. బండి ఎవలిది?"

"మాది."

"కాయితాల మీద ఎవలి పేరున్నది?"

ఆమె పేరే ఉంది. నా పేరు మీద కొంటే ఎవరో పొగిడితే ఇచ్చేస్తానని ఆమె భయం.

"మాలక్ చెప్తె నిషాన్ తియ్యొచ్చు. గది కూడ కానూనే," అన్నాడు బావ. అని, నోరు జారానని తెలిసి లోపలికి చూసి, "చాయ్ పెట్టుండ్రి" అని కేకేశాడు.

"ఆమె చెప్పిందా?"

"ఇడిసిపెట్టు బావా."

"ఏం చెప్పింది?"

"ఎందుకిప్పుడు?"

"చెప్పు."

ఆయన చాలాసేపు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "మొదటిసారి గూడ ఆమెనే ఫోన్ చేసింది. 'అన్నా, ఆయన బిగించిన అంటున్నడు. పానాతోటి బిగించిండో, మాటలతోటి బిగించిండో నాకెర్కలేదు. నువ్వు ఒక్కసారి చూడు' అన్నది. ఏం చెయ్యాలె మరి? చూసిన. చూస్తె లూజుగున్నయ్."

"లూజు గాదు బావా. అది రబ్బరు. అంతే ఉండాలె."

"రబ్బరైతేంది, ఇనుమైతేంది? మా పనిల లూజంటె రైలు డబ్బ పడిపోతది, మనుషులు పోతరు. నా చేతికి గదొక్కటే తెలుసు."

చాయ్ వచ్చింది. తాగాను. మామూలుగా ఆ ఇంట్లో చాయ్‌తో పాటు ఒక కథ చెప్పి గాని లేవను. ఆ రోజు గ్లాసు కింద పెట్టి లేచాను. దారంతా కారు అద్దాలు దింపుకుని నడిపాను. ఒంట్లో అలసట ఎక్కడుందో వెతికితే అన్ని చోట్లా ఉంది.

ఇంట్లో ఆమె బెల్టు విప్పి, దిండ్లకు ఆనుకుని కూచుని ఉంది. నా ముఖం చూసి తెలుసుకుంది.

"అన్న చెప్పిండా?"

"చెప్పిండు."

"కోపమొచ్చిందా?"

"రాలె. నా మాట నమ్మలేదా అని ఒక్కటే."

"ఏ మాట నమ్మాలె చెప్పు? మొన్న చిన్న పానా ఏదంటె కోతి ఎత్కపోయిందంటివి."

"అది నిజం. లైబ్రరీ వెనక చెట్టు మీద ఇంక ఉన్నది."

"సూస్తివా, గిదే."

ఆమె నడుము వెనక దిండు సర్దుకుంది. తర్వాత ఆమే మొదలుపెట్టింది. ఈసారి గొంతులో ఆట లేదు.

"నాకు భయమైతున్నదయ్యా. నెల అయిపోవట్టె. నువ్వు తానానికి పోయినప్పుడు కిందికి పోయి బానెట్ తీపిచ్చుకోని చూసిన, వాచ్‌మన్ తోటి. బోల్టు మీద చెయ్యి పెట్టి చూస్తె, గట్టిగ పట్టుకుంటె తిరుగుతదేమో అన్నట్టున్నది. మా ఇంట్ల డబ్బ మూత సరిగ్గ పెట్టకుంటెనే మా నాయన తిడుతుండె. ఇంత అలకగ బిగిస్తె ఆయిల్ ఎట్ల ఆగుతది? మళ్ల కారితె, నేను మళ్ల..."

మిగతాది చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

అప్పుడు నేను ఆమెను నమ్మించాలి. ఇంతకాలం మనుషుల్ని నమ్మించడమే నా పని. కాని నమ్మించే మాటలన్నీ అప్పటికే చీమల మీదా నెమళ్ల మీదా ఖర్చయిపోయాయి. రబ్బరు గురించి ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టినా నా గొంతు నాకే టీ బండి దగ్గరి గొంతులా వినిపించింది. సగంలో ఆపేశాను.

"ఈసారి నువ్వే బిగియ్యి," అన్నాను.

"నేనా? బలం పెట్టొద్దన్నడు గద డాక్టరు."

"అందుకే."

ఆమె నన్ను చూసింది. ఇది కూడా కథేమోనని వెతికింది. దొరకలేదనుకుంటాను. "సరె," అంది.

ఆదివారం ముగ్గురం లైబ్రరీ వెనక చెట్టు కిందికి చేరాం. రెండుసార్లు అతిగా బిగించినందుకు మూత అంచు బోల్టుల దగ్గర గుంటలు పడిపోయింది. అది సాపు కాకపోతే ఎంత కొత్త ప్యాకింగ్ వేసినా దండగ. అందుకని బావను నేనే రమ్మన్నాను. ఆయన స్కూటర్ మీద కాళ్ల దగ్గర ఒక రైలు పట్టా ముక్క పెట్టుకుని వచ్చాడు. వర్క్‌షాపు వాళ్ల ఇళ్లల్లో అదొకటి ఉంటుంది, దాని మీదే మేకులు సాపు చేస్తారు, దాని మీదే కొబ్బరికాయ కొడతారు.

మూతను బోర్లించి అంచును ఆ పట్టా మీద ఆనించి, చిన్న సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. కుళాయిలు విరిచే ఆ చెయ్యి అంత మెత్తగా తట్టగలదని నాకు తెలియదు. ఒక దెబ్బ వేసి ఆగి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఒక గాజు పలక మీద మూతను బోర్లించి, అంచు కింద వెలుతురు కనిపిస్తోందేమో కళ్లు నేలకానించి చూసేవాడు. మళ్లీ తట్టేవాడు. చెల్లెలు కారు తలుపు తెరుచుకుని, సీట్లో వెనక్కి వాలి, అన్న చేతుల్నే చూస్తూ కూచుంది.

వాకింగ్ వాళ్లు ఒక్కొక్కరే ఆగారు. తెల్ల బూట్ల పెద్దమనిషి ఒకాయన, "బాగా టైట్ చెయ్యండి సార్, ఇవి లూజైతేనే కారుతాయి," అన్నాడు. ఇంకొకాయన, మూతకు ఎం-సీల్ పూయమన్నాడు. మూడో ఆయన ఏమీ అనకుండా, విచారంగా తలాడించి పోయాడు. ఆయన ఒక్కడే మాకు నచ్చాడు.

మూత సాపైంది. ప్యాకింగ్ పరిచి, మూత పెట్టి, బోల్టులు వేళ్లతో తిప్పి నేను పక్కకు జరిగాను. ఆమె దిగి, బెల్టు సరిచేసుకుని, కారు ముందు నిటారుగా నిలబడింది. ఎడమ చెయ్యి రేకు మీద ఆనించింది. కుడి చేతిలో పానా పెట్టాను.

"చివర పట్టకు. గీడ, దగ్గర పట్టు. భుజం వద్దు, మణికట్టు చాలు."

తిప్పింది. మధ్య బోల్టు మెల్లగా దిగింది, వాషరు మూతను తాకింది, ఇంకొంచెం తిరిగింది. తర్వాత కాస్త బరువెక్కింది. ఆమె ఆగింది.

"ఇగ చాలు."

"ఇంక తిరుగుతది చెల్లె," అన్నాడు బావ. "జర..."

"తిరుగుతది అన్నా. తిప్పాలంటె నడుముతోటి గుంజాలె. నాకు ఈడ తెలుస్తున్నది," అని బెల్టు మీద చెయ్యి వేసుకుంది. "గింతకు మించి నేను పెట్టను."

నేను ఇన్నాళ్లూ మాటల్లో చెప్పలేకపోయిన కొలత అదే. ఆమె మధ్య నుంచి బయటికి, ఎదురెదురుగా, ఒక్కో బోల్టు తిప్పుతూ పోయింది. ఒక్కో దాని దగ్గరా అదే బరువు రాగానే ఆగింది. మధ్యమధ్యలో అలిసి సీట్లో కూచుంది, మళ్లీ లేచింది. మళ్లీ మొదటి నుంచి అన్నీ ఒకసారి చూసింది. బావ పక్కనే నిలబడి, తన చేతుల మీద తనకే నమ్మకం లేనట్టు రెండింటినీ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. జేబుల్లో వేళ్లు కదులుతూనే ఉన్నాయి.

అంతా అయ్యాక స్కూటర్ డిక్కీ తెరిచి, ఒక చిన్న డబ్బా, మొండి కుంచె తెచ్చి చెల్లెలికి ఇచ్చాడు. పసుపు రంగు. వర్క్‌షాపు నుంచి రిటైరైన రోజు తెచ్చుకున్నదేమో, పైన మీగడలా గట్టిపడి ఉంది. దాన్ని పుల్లతో కలిపి, ఆమె ఒక్కో బోల్టు మీంచి మూత మీదికి గీత గీసింది.

సరిగ్గా అప్పుడే తెల్ల బూట్ల పెద్దమనిషి రెండో చుట్టు తిరిగి వచ్చాడు. వంగి చూసి, "మేడం, ఇంకొక్క చుట్టు వేస్తే..." అన్నాడు.

"నిషాన్ కనిపిస్తలేదా సార్?" అని బావ అరిచిన అరుపుకు చెట్టు మీది కోతులు కూడా ఒక కొమ్మ పైకి జరిగాయి. ఇది నేను కల్పించింది కాదు.

మర్నాడు సోమవారం. ఆ వారంతో నెల అయిపోతుంది. ఆమె సీటు వాల్చుకుని, రుమాలు ముందే చేతిలో పట్టుకుని కూచుంది. నేను అద్దాలు పూర్తిగా ఎత్తాను; వాసన ఉంటే ఉన్నట్టు తెలియాలి. వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్ మీద చక్రాలు ఒక్కొక్కటే దించాను. చౌరస్తా దగ్గర ఎర్రలైటు పడింది. ఇంజన్ బాగా వేడెక్కి ఉంది. ముందు బస్సు పొగ తప్ప ఇంకేమీ లేదు. నేను ముక్కుతో ఎంత గట్టిగా వెతికానంటే, పక్క ఆటో డ్రైవరు నాకు జలుబు చేసిందనుకుని చిటికెడు జండూబామ్ ఇవ్వబోయాడు. సరే, ఇవ్వబోలేదు. చూశాడంతే.

వాసన వస్తోందా అని ఆమెను అడగలేదు. అడిగితే వాసన మేలుకుంటుందేమోనని భయం.

క్యాంపస్ గేటు దాటాక పక్కకు చూశాను. రుమాలు మడత విప్పకుండా ఒళ్లో పడి ఉంది. ఆమె తల కిటికీ వైపు ఒరిగిపోయి ఉంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆపరేషన్ అయినప్పటి నుంచి రాత్రిళ్లు ఆమెకు సరైన నిద్ర లేదు. ఇటు తిరిగితే నొప్పి, అటు తిరిగితే నొప్పి. ఇప్పుడు మా డొక్కు కారులో, పగటి పూట, హారన్ల మధ్య, గాఢంగా నిద్రపోతోంది.

లైబ్రరీ ముందు మెల్లగా ఆపి ఇంజన్ కట్టేశాను. వేడి ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంది. పుస్తకాల సంచులతో పిల్లలు లోపలికి పోతున్నారు. వాళ్లలో ఒకమ్మాయి కారులోకి చూసి, అమ్మగారు నిద్రపోతున్నారని గుర్తుపట్టి, చప్పుడు చేయకుండా పక్కవాళ్లను కూడా ఆపి నడిపించుకుపోయింది. నా ఆఫీసు టైము దాటింది. టీ బండి దగ్గర మనవాళ్లు చేరి ఉంటారు. దిగి వెళ్దామనిపించలేదు. నేను కూడా కళ్లు మూసుకున్నాను గాని నిద్ర రాలేదు. ఊరికే ఆమె ఊపిరి వింటూ కూచున్నాను.

ఆమె ఉలిక్కిపడి లేచింది.

"వచ్చినమా? ఎప్పుడొచ్చినం?"

"ఇప్పుడే. ఇంజన్ ఇంక బంజేయనే లేదు."

ఫోన్ చూసుకుంది. "అబద్ధం. ఎంత లేటైంది! లేపొద్దా మనిషిని?"

"లేపిన. లేవలే."

"ఇంకో అబద్ధం."

తలుపు పట్టుకుని మెల్లగా దిగింది. నిలబడింది. నేను అలవాటు కొద్దీ ఆమె ముఖం చూశాను, కళ్లు మూసుకుంటుందేమోనని. మూసుకోలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని, సంచి భుజానికి తగిలించుకుని, మెట్లు వదిలి పక్కనున్న వాలు దారి వైపు నడిచింది. నాలుగడుగులు పోయి, ఆగి, నడుముతో సహా మొత్తం వెనక్కి తిరిగింది. ఇప్పుడు ఒక్క మెడ తిప్పి వెనక్కి చూడడం ఆమెకు కుదరదు.

"రేపు జర ముందుగాల పోదాం," అంది.

"ఎందుకు?"

"నిద్ర సాలలే."